ఇంగ్లీషు నుడికారం – మన అభ్యాస చరిత్ర

పరభాషను అభ్యసించేవారికి వ్యాకరణం మొదటి గండం, ఉచ్చారణ రెండవ గండం; ఈ రెండింటినీ దాటినవారిని సైతం కడదాకా వెంటాడేది నుడికారం. నుడికారమన్నా, జాతీయమన్నా, పలుకుబడి అన్నా మనం ఉద్దేశించేది ఒక్కటే: విడివిడి మాటల అర్థాలను కూడితే రాని అర్థాన్ని ఆ మాటల కూర్పు ఇవ్వడం. ‘కాలికి బుద్ధి చెప్పాడు’ అన్న వాక్యాన్ని ఎంత గొప్ప నిఘంటువును ముందు పెట్టుకొని విడదీసినా, అతడు పారిపోయినాడని తెలియదు. తెలుగింట పుట్టినవానికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు విషయంలో మనం ఆ ఇంట పుట్టినవారం కాము. బయటినుంచి వచ్చి, గడపలో నిలిచి, లోపలి మాటలు చెవిని వేసుకొన్నవారం.

ఇరవై ఏండ్ల క్రిందట నేనొక ఇంగ్లీషు నవలను తెలుగు చేస్తున్నాను. ఉత్తర ఇంగ్లండులోని ఒక బొగ్గుగని కార్మికుని కుటుంబకథ అది. తండ్రి గనినుంచి ఇల్లు చేరే వేళకు తల్లి టీ సిద్ధం చేసి ఉంచుతుంది. ‘వేడివేడి టీ కాచి ఉంచినది’ అని వ్రాసి ముందుకు సాగినాను. రెండు పుటలు తిరిగేసరికి పిల్లలు ఆ టీలో ఉడికించిన మాంసమూ, బంగాళాదుంపలూ తిని లేచినారు! అప్పుడు గాని నాకు వెలుగలేదు. ఆ ప్రాంతపు శ్రామికుల ఇండ్లలో టీ అంటే పని దిగివచ్చిన తరువాత కుటుంబమంతా కూర్చొని తినే సాయంకాలపు భోజనం. మిల్టనునూ షేక్స్పియరునూ పరీక్షకు చదివి పట్టా పుచ్చుకొన్న నాకు, ఒక గని కార్మికుని భార్య పొయ్యిమీద ఏమున్నదో తెలియదు. కాచిన టీని కప్పుతో సహా కొట్టివేసి, ‘రాత్రి వంట ముగించినది’ అని దిద్దుకొన్నాను.

ఈ చిన్న పొరపాటు నన్నొక పెద్ద ప్రశ్న దగ్గరకు తీసుకొనిపోయినది. రెండు వందల ఏండ్లకు పైబడి ఇంగ్లీషు నేర్చుకొంటూ వచ్చిన మనం, ఆ భాషలోని నిత్యజీవితపు మాటలనూ నుడికారాన్నీ ఏ దారిన నేర్చుకొన్నాము? ఆ దారి మనలను ఎక్కడికి చేర్చినది? అనువాదం వృత్తిగానో వ్యసనంగానో పెట్టుకొన్న తెలుగు రచయితలకు ఈ చరిత్ర కేవలం గతం కాదు. ప్రతిదినమూ మన కలం ముందు నిలిచే చిక్కు.

కుంఫిణీ పాలన నాటి మొదటి తరంతో ఈ కథ ప్రారంభమవుతుంది. వారికి విశ్వవిద్యాలయాలు లేవు, పాఠ్యప్రణాళికలు లేవు. కచేరీలో, శిబిరంలో, న్యాయస్థానంలో దొర పక్కన నిలిచి, ఆయన మాట రైతుకూ, రైతు మాట ఆయనకూ చెప్పవలసి రావడమే వారి బడి. ‘దుబాసీ’ అన్న మాటకే రెండు భాషలవాడని అర్థం. కర్నల్ మెకంజీకి కుడిభుజమై పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే గతించినా, ఆయన సోదరులు ఆ పనిని కొనసాగించారు. వారిలో కావలి వెంకట రామస్వామి దక్కను కవుల చరిత్రను 1829లో ఇంగ్లీషున ప్రకటించారు. మద్రాసు సదర్ అదాలత్తులో అనువాదకులుగా ఉన్న వెన్నెలకంటి సుబ్బారావు తన జీవితకథను ఇంగ్లీషులోనే వ్రాసుకొన్నారు. ఆయన 1839లో మరణించిన చాలా కాలానికి, 1873లో, అది అచ్చయినది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో కాశీయాత్ర చేసి, ఆ విశేషాలను తెలుగులో వ్రాశారు.

మెకాలే ఇంకా ఈ గడ్డమీద కాలు పెట్టకముందే ఇంగ్లీషును చేతికి తెచ్చుకొన్నవారు వీరు. వారి ఇంగ్లీషు పండితుల ఇంగ్లీషు కాకపోవచ్చును. కాని అది అవసరంలోనుంచి, మనిషి ముఖం చూస్తూ పుట్టినది. దొర కసరినప్పుడు ఏ మాట వాడినాడో, మెచ్చుకొన్నప్పుడు ఏ మాట వాడినాడో, మర్యాదగా ‘కాదు’ అనవలసి వచ్చినప్పుడు మాటను ఎట్లా తిప్పినాడో వారు కళ్ళారా చూశారు. సందర్భం ముందు, మాట తరువాత. సుబ్బారావు 1820లో మద్రాసు పాఠ్యపుస్తక సంఘానికి సమర్పించిన నివేదికలో, ఆ నాటి పాఠశాలలలో పిల్లలు అర్థం తెలియకుండా వల్లెవేయడాన్ని విమర్శించారంటే ఆశ్చర్యం లేదు. తాను నేర్చిన దారికీ, బడి నేర్పుతున్న దారికీ గల దూరం ఆయనకు స్పష్టంగా తెలుసు.

ఇదే కాలంలో ఎదురుదిక్కునుంచి వచ్చి మన గడపలో నిలిచిన మనిషి ఒకరున్నారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు నేర్చిన తీరు మనకు అద్దం వంటిది. కడపలో ఇంటినే పండితుల నివాసంగా మార్చి, తాళపత్రాలు పోగుచేయించి, శుద్ధప్రతులు వ్రాయించిన మహనీయుడని ఆయనను మనం తలచుకొంటాము, అది న్యాయమే. కాని నుడికారం కొరకు ఆయన కావ్యాలతోనే సరిపెట్టుకొనలేదన్న సంగతి అంతగా గుర్తుంచుకొనము. ఆయన తెలుగు–ఇంగ్లీషు సంభాషణలను కూర్చి అచ్చువేశారు. జనం నోట నలిగే తాతాచారి కథలను 1855లో ప్రకటించారు. 1852 నాటి నిఘంటువులో పండితులు ముఖం చిట్లించుకొనే వాడుక మాటలకు కూడ చోటిచ్చారు. తెలుగువాడు కోర్టులో ఏమంటాడో, సంతలో ఏమంటాడో తెలియనివానికి కావ్యభాష ఒక్కటే అక్కరకు రాదని ఆయన ఉద్యోగం ఆయనకు నేర్పినది.

తరువాతి తరం వచ్చేసరికి మన దారి మారిపోయినది. 1835 ఫిబ్రవరి 2వ తేదీన మెకాలే తన అభిప్రాయపత్రాన్ని వ్రాసినాడు. మరుసటి నెలలోనే బెంటింకు ప్రభుత్వం దానిని అనుసరించి తీర్మానించినది. 1854లో వుడ్ పంపిన ఉత్తరువు, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాల స్థాపన ఆ దారిని రాజమార్గం చేసినవి. ఇక ఇంగ్లీషు దొర పక్కన నిలిచి నేర్చుకొనేది కాదు, బల్లముందు కూర్చొని చదివేది. వేలమంది విద్యార్థులు ఒక్క ఇంగ్లీషువానితోనైనా నాలుగు మాటలు మాటలాడకుండానే పట్టభద్రులు కాసాగినారు. చదివినవి గొప్ప గ్రంథాలే. కాని వాటిలో ఇంగ్లీషువాడు అన్నం ఎట్లా అడుగుతాడో, పిల్లవాణ్ణి ఎట్లా మందలిస్తాడో, పొరుగువానితో వానగురించి ఎట్లా ముచ్చటిస్తాడో ఉండదు. ఆ కొరతను తీర్చడానికి పుట్టినవి జాతీయాల పట్టికలు. మన దేశంలో విద్యాశాఖలో పనిచేసిన జె. సి. నెస్‌ఫీల్డ్ వ్యాకరణాల వరుసలో ఒక సంపుటానికి ‘ఇడియం, గ్రామర్ అండ్ సింథెసిస్’ అని పేరే ఉన్నది. ఆ పుస్తకాలు, వాటి ననుసరించి వచ్చిన అసంఖ్యాక ‘గైడ్లు’, మన తాతలకూ తండ్రులకూ, చివరకు నా తరానికీ ఇంగ్లీషు నుడికారాన్ని తూకం వేసి పొట్లాలు కట్టి ఇచ్చినవి.

పట్టికలో లోపమేమి? అర్థం ఉంటుంది, ఉదాహరణ వాక్యం కూడ ఉంటుంది. ఆ మాటను ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎంత చనువుంటే అంటారో ఉండదు. విడాకుల పత్రంలో వాడేదీ, పేకాట బల్లదగ్గర వాడేదీ పక్కపక్కనే, సమాన గౌరవంతో కూర్చొని ఉంటాయి. ఈ లోపం ఎంత దూరం పోగలదో 1873లో కలకత్తాలో అచ్చయిన ఒక చిన్న పుస్తకం చూపుతుంది. హైకోర్టు న్యాయమూర్తి అనుకూల్ చంద్ర ముఖర్జీ మరణించిన తరువాత, ఆయన మేనల్లుడో అన్నకొడుకో అనదగిన బంధువు ఒకరు ఆయన జీవితచరిత్రను ఇంగ్లీషులో వ్రాశారు. తనకు తెలిసిన జాతీయాలన్నిటినీ – పత్రికలలోవి, నాటకాలలోవి, లాటిను సూక్తులు, బజారు పలుకుబడులు – భక్తితో ఏరి తెచ్చి ఆ పుస్తకంలో గుప్పించారు. దుఃఖం చెప్పవలసిన చోట వీధి మాట వచ్చి కూర్చున్నది. ఇంగ్లండులో ఆ పుస్తకం ‘బాబూ ఇంగ్లీషు’కు మచ్చుతునక అయి నవ్వులపాలయినది. 1891లో ఆర్నాల్డ్ రైట్ అటువంటి వ్రాతలను పోగుచేసి ఒక పుస్తకమే వేసినాడు.

నేను ఆ జీవితచరిత్రలోని భాగాలను చదివినప్పుడు మొదట నవ్వుకొన్నమాట నిజం. తరువాత నవ్వు రాలేదు. పెద్దదిక్కును పోగొట్టుకొన్న మనిషి, తన కుటుంబ గౌరవాన్ని లోకానికి చెప్పుకొనడానికి, తనకు గొప్పదని నేర్పిన భాషలో, తనకు గొప్పవని నేర్పిన మాటలతో వ్రాసినాడు. నేర్పినవారు ఆ మాటల బరువు చెప్పలేదు. ఆ అపహాస్యంలో సగం పాలు పట్టికలకు చెందవలసినది, మొత్తం అతనికే చెందినది.

ఈ అపహాస్యం 1897లో సాహిత్యరూపం కూడ ధరించినది. ఎఫ్. ఆన్‌స్టీ అనే హాస్యరచయిత ‘పంచ్’ పత్రికలో నడిపిన బాబూ జబర్జీ రచన ఆ ఏడు పుస్తకంగా వెలువడినది. లండనుకు చదువుకొనడానికి వచ్చిన ఒక బెంగాలీ పట్టభద్రుడు ఇంగ్లీషు జాతీయాలను తలక్రిందులు చేయడమే అందులోని వినోదం. విచిత్రమేమంటే మన కన్యాశుల్కం తొలి కూర్పు అచ్చయినదీ ఆ 1897లోనే. నేడు మనం చదివే 1909 నాటి రూపంలో, కొడుకు ఇంగ్లీషు మాటలాడితే వినాలని ముచ్చటపడిన వెంకమ్మ ముందు గిరీశమూ వెంకటేశమూ పసిపిల్లల పద్యపు ముక్కలనే సంభాషణగా దొర్లించే ఘట్టం ఎరుగని తెలుగువారుండరు. ఆన్‌స్టీ, గురజాడ ఇద్దరూ నవ్వించినది మన ఇంగ్లీషు గురించే. కాని ఆన్‌స్టీ నవ్వు, ‘వీనికి మా ఇంటి మర్యాద తెలియద’ని గడప లోపలినుంచి బయటికి చూసి నవ్వినది. గురజాడ నవ్వులో తల్లి అమాయకత్వం మీద జాలి ఉన్నది. అర్థం లేని మాటకు ఇంత వెల కట్టిన సమాజం మీద కోపం ఉన్నది.

పట్టిక ఇవ్వలేనిది ఏమిటో తెలియాలంటే ఇంగ్లీషు జాతీయాలు ఏ మట్టిలో మొలిచినవో చూడవలె. ఆ ద్వీపానికి నాలుగు దిక్కులా సముద్రం. అందుచేత పని మెలకువలు ఎరిగినవానిని ‘తాళ్ళు తెలిసినవాడ’ని అంటారు. ఆ తాళ్ళు ఓడ తెరచాపలవి. ఎదుటివాని ఉత్సాహాన్ని ముందుగానే తుంచివేయడం ‘తెరచాపలోని గాలి తీసివేయడం’. 1611 నాటి బైబిలు అనువాదం తరతరాలుగా ఇంటింటా వినబడినందువల్ల దానిలోని కథలు సామెతలై స్థిరపడినవి. రానున్న వినాశానికి సూచన ‘గోడమీది వ్రాత’. బెల్షస్సరు రాజు విందులో గోడపై చేయి ఒకటి వ్రాసిన కథ తెలిసినవారికే అందులోని వణుకు తెలుస్తుంది. మనకు గోడమీద వ్రాత లేదు, పిల్లి ఉన్నది. దాని కథ వేరు. ఒకరి తప్పును మోసేవానిని ఇంగ్లీషులో మేకతో పోలుస్తారు. మనం దానిని ‘బలిపశువు’ అని తెలుగు చేస్తాము. కాని లేవీయకాండంలోని ఆ మేకను చంపరు. జనం పాపాలన్నీ దాని తలమీద మోపి, ప్రాణాలతో అడవికి తోలివేస్తారు. మన బలిపశువు వధ్యశిలమీద నెత్తురు కారుస్తుంది, వారి మేక ఏకాకిగా ఎడారిలో తిరుగుతుంది. మాట సరిపోయినా చిత్రం సరిపోలేదు.

పైగా ‘ఇంగ్లీషు వారి సంస్కృతి’ అని ఏకవచనంలో చెప్పదగినది కూడ ఒకటి లేదు. అన్యాయపు పని చేసినవానిని ‘ఇది క్రికెట్ కాద’ని ఇంగ్లండులో మందలించేవారు. అమెరికాలో క్రికెట్టు స్థానాన్ని బేస్‌బాల్ ఆక్రమించినది. అక్కడి వాడు మూడు అవకాశాలు పోగొట్టుకొన్నాడంటే ఆ లెక్క బేస్‌బాల్ ఆటలోనిది. లండనులో ‘ఫస్ట్ ఫ్లోర్’ చేరవలెనంటే మెట్లెక్కవలె, న్యూయార్కులో ఎక్కనక్కరలేదు. ఇంగ్లండులో ‘పబ్లిక్ స్కూల్’ ధనికుల పిల్లలు రుసుము చెల్లించి చదివే బడి, అమెరికాలో ప్రజాధనంతో నడిచే బడి. నోవా వెబ్‌స్టర్ 1828లో అమెరికా ఇంగ్లీషుకు ప్రత్యేక నిఘంటువును వెలయించడంలోని అంతరార్థం ఇదే. ఒకే భాష మూడు నాలుగు ఇండ్లలో కాపురం చేస్తున్నది, ఏ ఇంటి మర్యాద ఆ ఇంటిది.

ఈ రాకపోకలలో మన మాటలూ కొన్ని ఆ ఇండ్లకు చేరినవి. యూల్, బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్–జాబ్సన్’ నిఘంటువు 1886లో వెలువడినది. మన పెరటి పందికొక్కు ఇంగ్లీషున ‘బాండికూట్’ అయిన కథ అందులో ఉన్నది. ఆ పేరు అక్కడితో ఆగక సముద్రాలు దాటి, ఆస్ట్రేలియాలో పిల్లను సంచిలో మోసే ఒక చిన్న జంతువుకు స్థిరపడినది. అక్కడి పిల్లవాడు ఆ జంతువును పిలిచినప్పుడు తెలుగు పలుకుతున్నాడని అతనికి తెలియదు, మనకూ తోచదు. మాట తన ఇంటినుంచి విడివడి పోయినప్పుడు కొత్త ఇంటి అర్థాన్నే ధరిస్తుందనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం లేదు.

పట్టికల యుగానికి ఎదురుగాలి 19వ శతాబ్దం చివర వీచినది. భాష అంటే ముందు నోటి మాట, వ్రాత దాని నీడ అన్న సిద్ధాంతాన్ని యూరపులోని కొందరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. వారిలో ప్రముఖులైన హెన్రీ స్వీట్ 1899లో భాషాభ్యాసంపై వ్రాసిన గ్రంథం ఆ మార్గానికి మూలస్తంభమయినది. ఆ గాలి మన వైపు వచ్చినప్పుడు అనుకోని ఫలితం కలిగినది. 1906 ప్రాంతంలో ఉత్తర కోస్తా పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె. ఎ. యేట్సు, ఇంగ్లీషును జీవద్భాషగా నేర్పవలెనని పట్టుబట్టిన వ్యక్తి. తెలుగు తరగతిలో కూర్చొని ఆయన అడిగిన ప్రశ్న సుప్రసిద్ధం: ప్రజలు మాటలాడే తెలుగు ఒకటి, బడిలో నేర్పే తెలుగు మరొకటి ఎందుకయినది? ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులుగారి చేతిలో ఉద్యమమయినది. గురజాడ, పి. టి. శ్రీనివాస అయ్యంగారు తోడయినారు. ఇంగ్లీషు నేర్పడం గురించి పుట్టిన ఆలోచన ఇంగ్లీషు కంటె ముందుగా తెలుగుకే మేలు చేసినదనడం అతిశయోక్తి కాదు.

ఇంగ్లీషు నేర్పే విషయంలో అసలు మార్పు లండనులోనో ఆక్స్‌ఫర్డులోనో కాక, ఆసియాఖండపు బడులలో ప్రారంభమయినది. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను నడిపిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలు ఇంగ్లీషుతో పడే పాట్లను ఏండ్ల తరబడి పరిశీలించారు. చాలామంది చదువు మధ్యలోనే మానివేస్తున్నారు. మానివేసిననాటికి వారికి దక్కుతున్నది ఏమీ లేదు. ఏ తరగతిలో బడి విడిచినా ఆ మేరకు పిల్లవానికి ఉపయోగం మిగలవలెనన్నది ఆయన పట్టుదల. 1926లో ద్విభాషిత్వంపై నివేదిక వెలువరించి, ఎక్కువగా వాడుకలో ఉన్న మాటలను ముందు, అరుదైనవాటిని తరువాత నేర్పే వాచకాలను కూర్చారు. 1935లో ఎండికాట్‌తో కలిసి వెలువరించిన నిఘంటువులో 24,000 పదాలనూ పలుకుబడులనూ కేవలం 1,490 మాటలతో వివరించారు. తెలియని మాటకు అంతకంటె తెలియని మాటను అర్థంగా ఇచ్చే నిఘంటువులతో విసిగిన విద్యార్థికి ఆ పుస్తకం ఎంత ఊరట అయి ఉంటుందో ఊహించవచ్చును.

ఇదే కాలంలో జపానులో హెరాల్డ్ పామర్ ఉన్నారు. 1922లో ఆ దేశపు విద్యాశాఖకు సలహాదారుగా వెళ్ళి, మరుసటి ఏడు పరిశోధన సంస్థను నెలకొల్పి, ఏ మాట ఏ మాటతో జతకడుతుందో పోగుచేయసాగినారు. 1924లో అక్కడికి ఉపాధ్యాయుడుగా చేరిన ఎ. ఎస్. హార్న్‌బీ ఆ పనిలో ఆయనకు కుడిచేయి అయినారు. గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ అనే మరి ఇద్దరితో కలిసి హార్న్‌బీ కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయినది. 1941 డిసెంబరులో యుద్ధం విరుచుకుపడి, ఇంగ్లీషువాడైన హార్న్‌బీ నిర్బంధంలోకి పోయినాడు. ఆ శత్రుదేశపు నిఘంటువును టోక్యో ప్రచురణకర్తలు మాత్రం వదలలేదు. యుద్ధానంతరం, 1948లో, ఆక్స్‌ఫర్డు వారు దానిని తిరిగి ముద్రించారు. మన దేశంలో చదువుకొన్న ఇండ్లలో బియ్యం డబ్బా పక్కనో, దేవుని పటం క్రిందనో కనబడే ‘అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ’ వంశవృక్షం ఇది. దాని పుట్టినిల్లు టోక్యో.

ఈ నిఘంటువులలోని కొత్తదనం ఏమిటి? అవి ఇంగ్లీషువాడు అడగని ప్రశ్నలకు సమాధానం చెప్పినవి. ఏ క్రియ తరువాత వాక్యం ఎట్లా నడుస్తుందో హార్న్‌బీ 25 అచ్చులుగా విభజించి చూపారు. లెక్కపెట్టదగిన నామమేదో, పెట్టరానిదేదో గుర్తులు వేశారు. ‘డిస్కస్ అబౌట్’ అని మనం పొరబడడానికి కారణం మన ‘గురించి చర్చించాము’ అన్న వాక్యమే. ఇంగ్లండులో పుట్టిన పిల్లవాడు ఆ తప్పు చేయడు కనుక, ఇంగ్లండువారికై వ్రాసిన నిఘంటువులో దానికి మందు దొరకదు. విదేశీ విద్యార్థి తప్పులను ఎగతాళి చేయకుండా వాటి వెనుక ఏ భాష ఉన్నదో ఆలోచించినవారే ఆ మందు కనుగొనగలిగినారు. జబర్జీని చూచి నవ్విన దేశంవారే, నలభై ఐదేండ్లు తిరిగేసరికి జబర్జీ ప్రశ్నలకు సమాధానాల గ్రంథం వ్రాసినారు. ఆ మార్పు గ్రంథాలయంలో వచ్చినది కాదు, ఢాకాలోను టోక్యోలోను పిల్లల ఎదుట నిలబడినందువల్ల వచ్చినది.

వారు గ్రహించిన మరొక సంగతి, నుడికారం అలంకారాలలో కంటె చిన్న మాటలలో ఎక్కువగా నివసిస్తుందని. ‘పోస్ట్‌పోన్’ అన్న పెద్ద మాట మనకు త్వరగా వస్తుంది, ‘పుట్ ఆఫ్’ రాదు. ‘టాలరేట్’ వస్తుంది, ‘పుట్ అప్ విత్’ రాదు. ఇంగ్లీషు ఇంటిలోని పసివానికి ఈ వరుస సరిగ్గా తలక్రిందులు. మన తెలుగులో ‘పడు’ అన్న క్రియను చూడండి: కంటపడు, బయటపడు, మాటపడు, తేలికపడు, పైబడు, వెంటబడు, తెరిపిన పడు. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క జీవితం ఉన్నది. ‘సహించు’, ‘ఉపశమించు’ అన్న మాటలు నేర్చిన పరదేశి, ‘నలుగురిలో మాటపడినాను’ అన్న వాక్యం ముందు దిక్కుతోచక నిలిచిపోతాడు. అతని స్థితే ఇంగ్లీషులో మన స్థితి.

1958లో హైదరాబాదులో ఇంగ్లీషు బోధన కొరకు కేంద్రసంస్థ వెలసినప్పుడు ఈ దారి మన ఇంటిముందుకే వచ్చినది. కన్నడ కవి వి. కె. గోకాక్ తొలినాళ్ళలో దానిని నడిపించారు. తరువాత అది ఇతర విదేశీ భాషలనూ చేర్చుకొని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమయినది. ఒక భారతీయ భాషా కవి ఇంగ్లీషు బోధనకు సారథ్యం వహించడం నాకెప్పుడూ అర్థవంతంగా తోస్తుంది. తన భాష రుచి తెలిసినవాడే ఎదుటి భాష రుచిని గుర్తుపడతాడు.

ఇక ఈ చరిత్రతో నేటి తెలుగు రచయితకు గల పని చెప్పి ముగిస్తాను. ఆనాటి బెంగాలీ బంధువు ఇంగ్లీషు మాటల బరువు తెలియక ఇంగ్లీషును పాడుచేసినాడని నవ్వినారు. నేడు మనం అదే తెలియనితనంతో తెలుగును పాడుచేస్తున్నాము, నవ్వేవారు మాత్రం లేరు. ‘వెచ్చని స్వాగతం’ అని పత్రికలలో చదువుతాము. చలిదేశంలో వెచ్చదనమే ప్రేమ. అక్కడ చల్లని స్వాగతం అవమానం. ఎండలు మండే మన నేలమీద దీవెన అంటే ‘నీ కడుపు చల్లగా’. తల్లి చల్లనితల్లి, చూపు చల్లనిచూపు. వెచ్చని స్వాగతంతో అతిథిని ఏ రోహిణికార్తెలో పిలుస్తాము? ‘తెల్ల ఏనుగు’ అంటే మోయలేని భారమని వ్రాస్తున్నాము. తెల్ల ఏనుగు మన పురాణాలలో ఇంద్రుని ఐరావతమని మన కలమే మరచినది.

అరువు తెచ్చుకొనరాదని నేననడం లేదు. రైలు వచ్చినది, దానితోపాటు పచ్చజెండా వచ్చినది. ‘పచ్చజెండా ఊపినారు’ అన్న మాట పల్లెటూరివానికి కూడ కళ్ళకు కడుతుంది. వస్తువుతో కలిసి వచ్చిన జాతీయం మన ఇంట కూర్చుంటుంది. వస్తువు లేకుండా మాట మాత్రమే వచ్చినది అరుగుమీదనే నిలబడుతుంది. ఈ రెండింటినీ వేరుచేయగల చూపు కావలెనంటే అనువాదకుడు ఇంగ్లీషు నుడికారాన్ని ఇప్పటికంటె బాగా నేర్చుకొనవలె. పట్టికనుంచి కాక, ఆ మనుషుల వంటగదులనుంచి, ఓడలనుంచి, ఆటస్థలాలనుంచి నేర్చుకొనవలె. అమ్మమ్మకు గుడ్డు పీల్చడం నేర్పడమనే ఇంగ్లీషు సామెత ఎదురయినప్పుడు, అందులోని గుడ్డునూ అమ్మమ్మనూ మోసుకొని రానక్కరలేదని, ‘తాతకు దగ్గులు నేర్పడం’ మన ఇంటనే ఉన్నదని తటాలున తోచవలెనంటే, రెండు ఇండ్లూ ఎరిగి ఉండవలె.

నా గని కార్మికుని నవల రెండవ ముద్రణకు వచ్చినప్పుడు మళ్ళీ మొదటినుంచి చదివినాను. టీని దిద్దినాను గాని, అటువంటివి ఇంకా ఏడెనిమిది దొరికినవి. వాటిలో రెండింటికి ఈనాటికీ సరియైన తెలుగు తోచలేదు.